నీలిరంగు కొలిచిన మనిషి

మన విద్యార్థి సంఘం కార్యదర్శి మొన్న ఇంటికి వచ్చి, వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని అడిగాడు. రిటైరైన మాస్టార్ల దగ్గరకు ఈ పని మీద వచ్చే పిల్లలు సాధారణంగా హాస్టలు మెస్సు కబుర్లో, పాత ప్రిన్సిపాళ్ల ముచ్చట్లో కోరుకుంటారు. అవి నాకన్నా బాగా రాసేవాళ్లు ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి రాస్తానన్నాను. ఆయనా, స్టాంపు మీద చూశాను సార్ అన్నాడు కుర్రవాడు. 1995లో శతజయంతికి తపాలా శాఖ వేసిన స్టాంపు అది. మనలో చాలామందికి ఆయన ఆ స్టాంపంత మేరకే తెలుసు. నేను ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీలో చేరేనాటికి అంతకూడా తెలియదు.

తెలియదనడానికి నిదర్శనం ఒకటి చెబుతాను. 1979లో మాకు మొదటి సంవత్సరం ప్రాక్టికల్సులో ఫాస్ఫరసు కొలిచే ప్రయోగం ఉండేది. రికార్డు పుస్తకంలో దాని పేరు ఫిస్కే సుబ్బారో పద్ధతి అని రాయాలి. రక్తంలోంచి ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంతో ప్రోటీన్లను విరగ్గొట్టి, వడకట్టి, ఆ తేటలో అమ్మోనియం మాలిబ్డేటు పోసి, పైన ఆన్సా అని మేం ముద్దుగా పిలుచుకునే ద్రావకం కలిపితే నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫరసు ఎంత ఉంటే అంత నీలం. క్లెట్ మీటరులో పెట్టి ఆ రంగును అంకెగా చదువుకోవాలి. నా పాలిటికి మాత్రం ఫాస్ఫరసు బొత్తిగా లేని గొట్టం కూడా, అంటే బ్లాంకు కూడా, శుభ్రంగా నీలమైపోయింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. చివరకు మాస్టారు వచ్చి గొట్టాలు దేనితో కడిగావని అడిగారు. హాస్టలు నుంచి తెచ్చుకున్న సబ్బు పొడితో అన్నాను. ఆ పొడిలోనే ఫాస్ఫేటు ఉంది. నేను కొలిచింది రక్తాన్ని కాదు, నా సబ్బునే. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే మాస్టారు, ఈ సుబ్బారో ఎవరనుకుంటున్నావు, భీమవరం వాడు, మన సుబ్బారావు అని చెప్పారు. నేను నమ్మలేదు. ఫిస్కే పక్కన ఉన్నాడు గనుక ఆయనా ఎవరో దొరేననుకున్నాను.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారాయన. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లల్లో నాలుగో వాడు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం ముందుగానే వదులుకోవలసి వచ్చింది గనుక ఇంట్లో ఎప్పుడూ ఇబ్బందే. చదువు మీద ధ్యాస లేని కుర్రాడు పదమూడేళ్లకే ఇల్లు వదిలి కాశీ బయల్దేరాడని, అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలన్నది ఆలోచన అని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. పెద్దవాళ్లు దారిలో పట్టుకుని వెనక్కి తెచ్చారు. రాజమండ్రిలో చదివాడు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. ప్రతి ఏడూ సెప్టెంబరు పరీక్షలకు ఫీజు కట్టే మన మిత్రులకు ఇది కొంత ఊరట కావచ్చు. ఆ ఊరట చాలనుకుని ఊరుకోవద్దని మాత్రం మాస్టారిగా మనవి.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక సన్యాసం పుచ్చుకుందామని రామకృష్ణ మఠం వైపు మనసు పోయింది. డాక్టరీ చదివి సేవ చెయ్యమని అక్కడివాళ్లే మళ్లించారట. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులు కొంత సాయం చేశారు, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువు భారం వహించారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో పెళ్లయింది. అవి గాంధీగారి పిలుపు మీద ఊరూవాడా విదేశీ గుడ్డ వదులుతున్న రోజులు. సుబ్బారావుగారు ఆపరేషన్ థియేటరుకు ఖద్దరు గౌనుతో వెళ్లారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు అది గిట్టలేదు. పరీక్షలు బాగా రాసినా చివరకు చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికన్నా ఒక మెట్టు తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టా. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం చెప్పే పని దొరికింది. ఆ గౌను సంగతి నేను ఇంకో విధంగా ఆలోచిస్తుంటాను. ఆనాడు ఆయన మిల్లు గుడ్డ గౌను తొడుక్కుని ఉంటే, పూర్తి డిగ్రీ వచ్చి, ఏ తాలూకా ఆసుపత్రిలోనో మంచి డాక్టరుగా పేరు తెచ్చుకుని ఉండేవారు. మనం ఈ వ్యాసం చదువుకునేవాళ్లం కాదు.

ఆ ఇంటికి పెద్ద శత్రువు సంగ్రహణి. తిన్నది వంటపట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పాలిపోతుంది, మనిషి ఎండి పోతాడు. ఇంగ్లీషు వైద్యులు స్ప్రూ అంటారు. అన్న పురుషోత్తంగారిని ఆ జబ్బే తీసుకుపోయింది. సుబ్బారావుగారినీ పట్టుకుంది, లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. ఈ జబ్బుకు మందు ఎక్కడుందో కనుక్కోవాలన్న పట్టుదల ఆయన మనసులో అప్పుడే పడింది. ఉష్ణమండల వ్యాధుల చదువు కోసం అమెరికా వెళ్లాలనుకున్నారు. కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థ కొంత, మామగారు కొంత డబ్బు సర్దారు. మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యతో చెప్పి 1920ల మొదట్లో ఓడ ఎక్కారు. తిరిగి రాలేదు. ఆ విషయానికి చివర్లో మళ్లీ వస్తాను.

బోస్టన్‌లో హార్వర్డు వైద్య విద్యాలయంలో ఉష్ణమండల వైద్యం డిప్లొమా చదువుతూ, పొట్టకూటికి ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని అది. మద్రాసులో సగం డాక్టరు, బోస్టన్‌లో రాత్రిపూట తోటి, పగలు విద్యార్థి. డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీ శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

ఇక్కడ మన సైన్సు విద్యార్థులు కొంచెం నిలబడి చూడాలి. ఫాస్ఫరసు కొలిచే పద్ధతులు అంతకుముందు లేకపోలేదు. బెల్, డాయిజీ అనే ఇద్దరిది ఒకటి, బ్రిగ్స్ అనే ఆయనది ఇంకొకటి ఉండేవి. ఒకదానిలో రంగు నిలవదు, ఇంకొకదానిలో రంగు తేలడానికి చాలాసేపు పడుతుంది. మాలిబ్డేటును నీలంగా మార్చే సరైన ద్రావకం దొరికితే తప్ప లాభం లేదు. దొరికింది. 1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి అచ్చువేసిన ఆ పద్ధతి కొద్ది నిమిషాల్లో, కొద్దిపాటి రక్తంతో పని ముగిస్తుంది. మూత్రపిండాల జబ్బులోను, పిల్లల ఎముకలు వంగే రికెట్సులోను రక్తంలో ఫాస్ఫరసు ఎంతుందో తెలియడం డాక్టర్లకు ఎంతో అవసరం. ప్రపంచంలో ప్రతి ఆసుపత్రి లేబరేటరీకి ఆ పద్ధతి చేరింది. అలా తిరిగి తిరిగి మా ప్రాక్టికల్ హాలుకూ వచ్చి, నా సబ్బు గొట్టాల పాలబడింది.

ఆ పద్ధతిని కండరం మీద పెట్టినప్పుడు ఒక వింత కనిపించింది. రంగు రావలసిన వేళకు పూర్తిగా రాలేదు. కొంత వెంటనే వచ్చింది, మిగతాది నెమ్మదిగా, కొసరి కొసరి వచ్చింది. నాలాంటివాడైతే ద్రావకం పాడైందని పారబోసి మళ్లీ కలుపుకునేవాడు. వాళ్లు ఆ ఆలస్యం ఎందుకని అడిగారు. కండరంలో ఏదో ఒక పదార్థం ఫాస్ఫేటును పట్టుకుని ఉంది, గొట్టంలోని ఆమ్లం తగిలి కొంచెం కొంచెంగా విడిచిపెడుతున్నది. 1927లో ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్ అని తేల్చారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులూ దాని జాడ పట్టారు. 1929లో ఏ.టి.పి. దొరికింది. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు దాన్ని పట్టుకున్నాడు గనుక కీర్తి ఇద్దరిదీ. కండరం పని చెయ్యడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమనే సిద్ధాంతానికి 1922లో నోబెల్ బహుమతి ఇచ్చారు, పదేళ్లు తిరగకుండా ఆ సిద్ధాంతం కాళ్లు విరిగాయి. ఇవాళ ఇంటర్మీడియట్ పిల్లవాడిని లేపి అడిగినా ఏ.టి.పి. జీవకణానికి చిల్లర నాణెం లాంటిదని చెబుతాడు. ఆ నాణెం మీద ఎవరి బొమ్మ ఉందో అడగండి, చెప్పలేడు.

దీనికి ఒక కారణం ఫిస్కేయే. అదే శాఖలో అప్పుడు చదువుకున్న జార్జి హిచింగ్స్, 1988లో నోబెల్ పొందినవాడు, తర్వాత కాలంలో ఒక మాట చెప్పాడు. సుబ్బారావు వేరుచేసిన న్యూక్లియోటైడులు కొన్నింటిని ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని, ఫిస్కే అసూయ వల్లనేమో ఆ పని వెలుగు చూడలేదని దాని సారాంశం. రెండో కారణం సుబ్బారావుగారే అనిపిస్తుంది నాకు. తన పనిలో పేరు గురువుకు ఒప్పజెప్పి పక్కకు తప్పుకోవడం ఆయనకు అలవాటు. మన ఇళ్లలో దాన్ని గుణమంటారు. హార్వర్డులో అలాంటి గుణానికి పదోన్నతి లేదు. 1930లో పిహెచ్.డి. వచ్చింది గానీ స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. త్వరలోనే పరిశోధన విభాగానికంతా పెద్ద అయ్యారు.

అక్కడ మళ్లీ సంగ్రహణి దగ్గరకు వచ్చారు. దీని వెనుక మన దేశపు కథ కొంత ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు సారంతో అది తగ్గుతుందని చూపింది. ఆ సారంలో ఏముందో తెలియదు. కాలేయంలోనూ అది ఉందని తెలిసింది. పాలు పులియబెట్టే జాతి సూక్ష్మజీవి ఒకటి ఆ పదార్థం లేకపోతే పెరగదని ఇంకొందరు చూశారు. పెరుగు తోడుకుందా లేదా అని చూసినట్టు, ఆ జీవి పెరిగిందా లేదా అని చూస్తూ, టన్నులకొద్దీ సరుకులోంచి గ్రాముల లెక్కన ఆ పదార్థాన్ని ఏరాలి. పాలకూరలోంచి తీసినవాళ్లు 1941లో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు, లాటిన్‌లో ఆకు అని అర్థం. దాన్ని శుద్ధిచేసి, నిర్మాణం తేల్చి, 1945లో రసాయనశాలలోనే తయారుచేసింది సుబ్బారావుగారి బృందం. తర్వాత టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబాలో స్ప్రూ రోగులకు ఇస్తే లేచి కూర్చున్నారు. అన్న పోయి ఎన్నో ఏళ్లయింది అప్పటికి.

ఫోలిక్ ఆమ్లం గురించి ఒక ఉపకథ ఉంది, అది నాకు ముఖ్యం. పెర్నీషియస్ అనీమియా అనే ఇంకో రక్తహీనత ఉంది. ఆ రోగులకూ ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూశారు. రక్తపు లెక్కలు చక్కబడ్డాయి. కాగితం మీద రోగి ఆరోగ్యవంతుడు. కానీ కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం ఆగలేదు, పైగా ముదిరింది. లోపించింది వేరే విటమిన్, 1948లో బయటపడ్డ బి12. రక్తం ఒక మాట చెబుతుంటే నరాలు ఇంకో మాట చెప్పాయన్నమాట. దీన్ని నేను పాఠంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాను.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఉండేవాడు. పిల్లలకు వచ్చే రక్త క్యాన్సరు, అంటే లుకేమియా, ఆ రోజుల్లో వారాల్లోనో నెలల్లోనో ముగిసే జబ్బు. లెడర్లీ నుంచి వచ్చిన ఫోలిక్ ఆమ్లపు సమ్మేళనాలు కొందరు పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గడానికి బదులు ఇంకా చురుగ్గా పెరుగుతున్నట్టు ఆయనకు కనిపించింది. ఎరువు కలుపు మొక్కకు పడ్డట్టయింది. అయితే ఎరువులాగే కనిపించే ఉత్తి మట్టి పెడితే ఎలా ఉంటుంది? సుబ్బారావుగారి రసాయనవేత్తలు ఫోలిక్ ఆమ్లంలో ఒకచోట ఆక్సిజన్ తీసి, అక్కడ అమైనో గుంపు పెట్టి అమినాప్టెరిన్ తయారుచేశారు.

ఇది చేసే పని రెండు ముక్కల్లో చెబుతాను. మన కణాల్లో రసాయనిక మార్పులు దాదాపు అన్నీ ఎంజైములనే ఉత్ప్రేరకాల చేతిమీదుగా జరుగుతాయి. ఫోలిక్ ఆమ్లాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైము ఒకటుంది. ఆ రూపం లేకపోతే కణం కొత్త డి.ఎన్.ఏ. అల్లుకోలేదు, రెండుగా చీలలేదు. అమినాప్టెరిన్ అచ్చు ఫోలిక్ ఆమ్లంలాగే వచ్చి ఆ ఎంజైము ఒడిలో కూర్చుంటుంది, ఇక లేవదు. తాళంలో విరిగిన తాళంచెవి లాంటిది. వేగంగా చీలే కణాలకు ముందుగా దెబ్బ తగులుతుంది, లుకేమియా కణాలు ఆ జాతివి. నోట్లో పొర, పేగు పొర కూడా వేగంగా పెరిగేవే, అందుకే మందు వేసుకున్న పిల్లలకు నోరంతా పుళ్లు.

ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చాడు, 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది. తగ్గింది గాని పోలేదు, కొన్ని నెలలకు మళ్లీ వచ్చింది. అయినా రసాయన పదార్థం ఒకటి పిల్లల లుకేమియాను వెనక్కి తగ్గించడం వైద్యులు మొదటిసారి చూశారు. ఆ వెనుకే దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ వచ్చింది, నేటికీ వాడుకలో ఉన్నది అదే.

మెథోట్రెక్సేట్ ఒక క్యాన్సరును పూర్తిగా నయం చేసింది మాత్రం 1956 ప్రాంతంలో, లుకేమియాలో కాదు. కాన్పు మావి నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సరులో. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఆ మందు వాడారు. ఆ గడ్డ ఒక హార్మోనును, గర్భపరీక్షలో చూసే హెచ్.సి.జి.నే, తయారుచేస్తుంది. గడ్డలు ఎక్స్‌రేలో మాయమైనా మూత్రంలో ఆ హార్మోను ఇంకా కొంచెం కనిపిస్తున్నది. కంటికి కనిపించని గడ్డ లోపల ఉండబట్టే ఆ హార్మోను వస్తున్నదని లీ అనుకున్నాడు. అది పూర్తిగా పోయేదాకా మందు ఆపలేదు. బాగున్నవాళ్లకు విషం పెడుతున్నాడని పైవాళ్లు కోపించారు, ఆయన ఉద్యోగం పోయింది. తర్వాత చూస్తే, హార్మోను సున్నా అయ్యేదాకా మందు పడిన స్త్రీలకు జబ్బు తిరగబెట్టలేదు. 1972లో ఆయనకు లాస్కర్ బహుమతి పంచి ఇచ్చారు. ఇవాళ రక్తపరీక్షలో క్యాన్సరు గుర్తులు అనే మాట వినబడితే నాకు మొదట గుర్తొచ్చేది ఈ మనిషి.

ఈ ముక్క నేను ఎం.ఎస్సీ. రోజుల్లో చదవలేదు. చదివి ఉంటే బాగుండేది.

మా అక్క కొడుకు, ఆరేళ్లవాడు, 1980 వేసవిలో పాలిపోయి, ఒంటి మీద నల్లమచ్చలు తేలి, జ్వరంతో పడ్డాడు. మద్రాసు తీసుకుపోతే లుకేమియా అన్నారు. నెల తిరిగేసరికి మందులకు లొంగింది. వాటితో పాటు ఇంటికి రెండు రకాల బిళ్లలు ఇచ్చి పంపారు. ఒకటి రోజూ వేసేది, మెర్కాప్టోప్యూరిన్, ఇందాక చెప్పిన హిచింగ్స్, ఆయన సహచరి ఎలియన్ తయారుచేసినది. రెండోది వారానికొకసారి వేసే మెథోట్రెక్సేట్. రెండేళ్లకు పైగా వాడాలన్నారు. అక్క కేలండరులో శుక్రవారాలకు సున్నాలు చుట్టి పెట్టుకుంది. ఏడాది గడిచింది. వాడికి జుట్టు వచ్చింది, గోళీలాడుతున్నాడు. బిళ్ల పడ్డ వారమల్లా నోటిపూత, అన్నం ముట్టడు. మద్రాసు ప్రయాణాలకు బావగారు ఎకరం తాకట్టు పెట్టారు. నేను సెలవులకు వెళ్లినప్పుడు బావగారు రక్తపరీక్ష కాగితం నా చేతికిచ్చి, నువ్వు ఇదే చదువుతున్నావు గదా, ఎట్లా ఉంది చెప్పవయ్యా అన్నారు. చూశాను. తెల్లకణాలు సరిగా ఉన్నాయి, హిమోగ్లోబిన్ బాగుంది, చెడ్డ కణం ఒక్కటి కూడా లేదని రాసుంది. రక్తం శుభ్రంగా ఉంది బావగారూ అన్నాను. మరి బిళ్లలు కొన్నాళ్లు ఆపితే ఏమన్నా అవుతుందా అన్నారు. రక్తం ఇంత బాగున్నప్పుడు కొన్నాళ్లు ఆపినా పరవాలేదేమో అన్నాను. ఏమో అన్న మాట నేను కలిపాను, వాళ్లు దాన్ని వినలేదు. క్లాసులో సబ్బు గొట్టాలతో నవ్వులపాలైన నేను ఆ ఇంట్లో పెద్ద సైంటిస్టును.

నాలుగు నెలలకు వాడికి కాళ్లెముకలు నొప్పులు మొదలయ్యాయి. జబ్బు తిరగబెట్టింది. ఈసారి మందులకు లొంగలేదు. 1982 సంక్రాంతి ముందు పోయాడు.

తర్వాత ఏడాది లైబ్రరీలో కూర్చుని చదివాను. జబ్బు బయటపడ్డ నాడు బిడ్డ ఒంట్లో లక్షకోట్ల దాకా చెడ్డ కణాలుంటాయి. సూక్ష్మదర్శినికి ఒక్కటీ కనబడని రోజున కూడా వందకోట్లు మిగిలి ఉండవచ్చు. ఎలుకలో ఒక్క కణం చాలు, ఎలుకను చంపడానికి, అని 1960లలో హోవర్డ్ స్కిప్పర్ చూపించాడు. అందుకే ఆ రెండేళ్ల బిళ్లలు. బిళ్లలు మానకపోయినా వాడు బతికేవాడని చెప్పలేం, ఆనాడు మంచి ఆసుపత్రుల్లో కూడా సగం మందే బతికేవారు. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను, అక్కకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మజ్జలో పదివేల కణాలకు ఒక్క చెడ్డ కణం ఉన్నా పట్టేసే పరీక్షలున్నాయి, దాన్ని బట్టి మందు పెంచుతారు, తగ్గిస్తారు. సంపన్న దేశాల్లో నూటికి తొంభై మంది పిల్లలు బతుకుతున్నారు. ఆ తొంభైమంది మందుల్లోనూ మెథోట్రెక్సేట్ ఉంది.

సుబ్బారావుగారు ఇవేవీ చూడలేదు. ఆఖరి మూడు నాలుగేళ్లలో ఆయన చేతిమీదుగా నడిచిన పనులు చూస్తే ఆ మనిషి ఎప్పుడు నిద్రపోయేవాడో అనిపిస్తుంది. డెబ్భై ఏళ్లు దాటి ఒక విశ్వవిద్యాలయం నుంచి రిటైరైన డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడిని పిలిచి మట్టి పరీక్షించే పనిలో పెడితే, ఆ ముసలాయన మిస్సోరీ మట్టిలోంచి ఆరియోమైసిన్ తీశాడు, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది, 1948లో బయటికి వచ్చింది. 1947లో హెట్రజాన్ వచ్చింది, అంటే డై ఇథైల్ కార్బమజైన్. గోదావరి జిల్లాల వాళ్లకు ఈ పేరు చెప్పనక్కర్లేదు. మా నాయనమ్మ బోదకాలుతో ముప్ఫై ఏళ్లు అరుగు మీదే గడిపింది. ఇంటింటికీ తిరిగి ఆరోగ్య కార్యకర్తలు ఎదుటనే మింగించిన బోదకాలు బిళ్ల ఇదే. పనికి కావలసిన మనుషుల్ని వెతికి తెచ్చి, వాళ్లకు చోటిచ్చి, పేరు వాళ్లకే వదిలేయడం ఆయన పద్ధతి. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. 53 ఏళ్లు. ఫార్బర్ వ్యాసం అచ్చయి అప్పటికి రెండు నెలలు. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు కొత్తగా దొరికిన ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. నోబెల్ రాలేదని బాధపడేవాళ్లున్నారు. నేను ఆ బాధ పడను, ఆయన పడ్డట్టు ఎక్కడా కనిపించదు.

మా అక్కకు ఇప్పుడు ఎనభై దాటాయి. నాలుగేళ్ల కిందట సంక్రాంతికి వెళ్లినప్పుడు, మాటల్లో ఆ శుక్రవారం బిళ్ల సంగతి తనే ఎత్తింది. నలభై ఏళ్లలో అదే మొదటిసారి. అది చేసినవాళ్లెవరురా అంది. మన భీమవరం ఆయనేనే అని మొదలుపెట్టి, కాశీ అరటిపళ్ల దగ్గర్నుంచి చెప్పాను. ఖద్దరు గౌను విని నవ్వింది. చివరికి పిల్లలెంతమంది ఆయనకు అంది. ఆయన ఓడెక్కాక కొడుకు పుట్టాడు, పసిగుడ్డుగానే పోయాడు, తండ్రి కళ్లజూడలేదు, భార్యను మూడేళ్లలో వస్తానని వదిలి వెళ్లి మరి రాలేదు అన్నాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. బిళ్ల గురించి, నా గురించి ఏమంటుందోనని నేను చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ పేరేమిటి అంది.

శేషగిరి అన్నాను.

శేషగిరి, అని తను కూడా ఒకసారి అని, పొయ్యి మీద పాలు చూసుకోవడానికి లోపలికి వెళ్లింది.